సన్న తీగ పైన

మా ఉమారాణి ఆ ఆదివారం చెప్పులేసుకుంటూ, "అమ్మా, వెళ్లొస్తా" అంది.

నా చేతిలో బీడీ పుటుక్కున విరిగింది. తంబాకు చాటలో రాలింది. వెళ్లొస్తాట! పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి "పోయొస్త" అన్న పిల్ల. మా ఇంట్లో గానీ, మా గల్లీలో గానీ, బోధన్‌లో ఉన్న మా చుట్టాల్లో గానీ ఎవరూ ఎక్కడికీ వెళ్లరు. అందరం పోతాం, పోయి వస్తాం. ఈ వెళ్లడం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు. వర్ని రోడ్డు మీదున్న క్యాంపులోంచి, కల్యాణి వాళ్ల వరండాలోంచి వచ్చింది.

"యాడికి వెళ్లొస్తవమ్మా?" అని ఒత్తి అడిగాను.

"కల్యాణక్క దగ్గరికి. ఇయ్యాల కొత్త పాట జెప్తనన్నది," అని సైకిలెక్కి తుర్రుమంది. నా గొంతులోని వెటకారం దానికి వినపడలేదనే అనుకున్నాను.

కల్యాణి గురించి చెప్పాలి. చెప్పబుద్ధి కాదు గానీ చెప్పాలి. వాళ్ల తాత ఎప్పుడో ఆంధ్రా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద పొలం కొన్నాడు. అట్లా వచ్చినవాళ్లు కట్టుకున్న ఊరినే మేం క్యాంపు అంటాం. ఆమె తండ్రి వెంకట్రావు ఇప్పటికీ వరి, చెరుకు వేస్తాడు. ఈమె హైదరాబాద్‌లో చదువుకుని వచ్చి ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ మీద ఏదో ఉద్యోగం చేస్తుంది. ఆదివారమైతే చుట్టుపక్కల పిల్లల్ని వరండాలో పోగేసి యుకులేలే నేర్పుతుంది. అంటే చిన్న గిటారు. చంకలో ఇమిడిపోతుంది, నాలుగే తీగలు. పైసా తీసుకోదు. తీసుకున్నా బాగుండేది, ఫీజు ఎక్కువైందని పిల్లను మాన్పించేదాన్ని.

మనిషి చెడ్డదని నేను ఒక్కనాడూ అనలేదు. చెడ్డదైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు. నవ్వు మొహం, మెత్తటి మాట, నెత్తిన పూలు లేకపోయినా పెట్టుకున్నట్టే ఉంటుంది. ఏ వంకా దొరకని మనిషి మీద కడుపు మండితే ఆ మంట ఎవరికి చెప్పుకోవాలి?

అంతకుముందు ఆదివారాలు నావి. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక చాట ఒళ్లో పెట్టుకుని నేను బీడీలు చుడుతుంటే, ఉమ నా వీపుకు వీపు ఆనించి కూర్చుని చదువుకునేది. తంబాకు దాన్ని ముట్టనిచ్చేదాన్ని కాదు. కబుర్లు మాత్రం చెప్పించుకునేదాన్ని. బళ్లో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదు, ఏ సారు ఏం తిట్టాడు, అన్నీ నా వీపుకే చెప్పేది. నేను మా అమ్మ పాట పాడేదాన్ని. మా అమ్మ భీమవ్వ బీడీలు చుడుతూ కట్టుకున్న పాట అది. పెద్ద పాటేం కాదు. ఆకు మెత్తగా నానిందని, దారం తెగిందని, మొగుడు ఇంకా రాలేదని, ఏ రోజు మాటలు ఆ రోజువి. రాగం మాత్రం ఒకటే. నేను పాడుతుంటే ఉమ వెనకాల సన్నగా కూనిరాగం తీసేది. ఆ కూనిరాగం నా వెన్నులోకి దిగేది.

ఇప్పుడు ఆ వీపు ఖాళీ. గోడకు ఆనుకుని చుట్టుకుంటున్నాను.

ఒక ఆదివారం చీకటిపడే వేళకు కూడా రాకపోతే నేనే వెతుక్కుంటూ క్యాంపుకు పోయాను. మిగతా పిల్లలు అప్పటికే ఇళ్లకు పోయారు. వరండా మెట్ల మీద వాళ్లిద్దరే ఉన్నారు. మా ఉమ ఒళ్లో కల్యాణి యుకులేలే ఉంది. కల్యాణి వెనక కూర్చుని, నా బిడ్డ భుజం మీదుగా చెయ్యి చాపి, దాని వేళ్లు ఒక్కొక్కటే తీసి తీగల మీద పెడుతోంది. ఉమ తల వెనక్కి వాలి కల్యాణి భుజానికి ఆనింది. నన్ను చూసి కూడా ఆ తల వెంటనే లేవలేదు.

"రండి సవిత గారూ, కూర్చోండి. టీ తాగుతారా?" అంది కల్యాణి.

ఈ 'గారు' ఒకటి. మా గల్లీలో అయితే అక్కా అంటారు, వదినా అంటారు, కోపమొస్తే ఏమే అంటారు. గారు అంటే గడప బయట నిలబెట్టినట్టే ఉంటుంది నాకు.

"వద్దమ్మ. పొద్దువోయింది, పిల్లను తీస్కపోదామని అచ్చిన."

"మీ అమ్మాయికి చెయ్యి భలే తిరుగుతోందండి. తనకంటూ ఒకటి ఉంటే ఇంట్లో కూడా సాధన చేసుకుంటుంది. నా పాతది ఊరికే పడి ఉంది. తీసుకెళ్లమనండి."

ఉమ కళ్లు వెలిగాయి. నాకు ఒళ్లు మండింది. ఆదివారం పిల్ల ఆమె దగ్గర, మిగతా రోజులు ఆమె వాయిద్యం మా ఇంట్లో. ఇక నాకు మిగిలేది ఏమిటి, మాసిన బట్టలా?

"ఎందుకమ్మ, మేమే కొత్తది కొంటం," అన్నాను. అనేదాకా నాకే తెలియదు కొంటామని.

"అలాగైతే నేనూ నిజామాబాద్ వస్తానండి. మొదటిసారి కొనేటప్పుడు తెలిసినవాళ్లు పక్కనుంటే మంచిది. చవకలో కూడా బాగున్నవి దొరుకుతాయి, చూసి తీసుకోవాలంతే."

"మేం జూస్కుంటంలే," అని ఉమ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. దారి పొడుగునా అది సైకిల్ నడిపించుకుంటూ నా వెనకాల వచ్చింది.

ఇంటికొచ్చి సంగతి చెబితే మా ఆయన నాగేందర్ పడీపడీ నవ్వాడు. బోధన్ నుంచి ఎడపల్లి దాకా ఆటో నడుపుతాడు, దారంతా జనాలను నవ్వించీ నవ్వించీ అదే అలవాటైంది.

"గా పిల్లకు వాయిద్యం కొనేకంటె నీ కడుపుల మంటకు గోలీ కొనుక్కుంటె అగ్గువకైతది గదనే!"

"నాకేం మంట లేదు."

"లేకుంటె మంచిదే. మల్ల గా కూరల కారం ఎందుకు గట్ల పోసినవ్?"

కారం నిజంగానే ఎక్కువైంది. నీళ్లు తాగుతూ తిన్నాడు.

సంక్రాంతి సెలవులకు ముందు శనివారం ఉమను తీసుకుని నిజామాబాద్ బస్సెక్కాను. గాంధీచౌక్ అవతల సందులో రామస్వామి అనే పెద్దమనిషికి పాత దుకాణం ఉంది. భజన మండళ్లకు హార్మోనియాలు, డోలకులు, తాళాలు ఆయన దగ్గరే కొంటారు. ఈ మధ్య గిటార్లు కూడా పెట్టాడు.

"గా చిన్న గిటారు సూపియ్యిండ్రి. పిల్ల నేర్సుకునుటానికి. మరీ మీదికి పోవద్దు," అన్నాను.

ఆయన మూడు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి గులాబీ రంగుది, మెరిసిపోతోంది, ధర కూడా అన్నిటికంటే అగ్గువ. నాకు అదే నచ్చింది. ఉమ దాన్ని చేతిలోకి తీసుకుని తల మీదున్న, తీగలు బిగించే చెవులు తిప్పి చూసి పక్కన పెట్టేసింది.

"గిది బొమ్మ అమ్మా. చెవులకు పంటి చక్రాలు లేవు. శ్రుతి జేస్తె నిలవది, జారిపోతది. ఇంకొంచెం పెట్టినా చక్రాలున్నదే తీస్కోవాలంట."

"అంట అని ఎవలన్నరు?"

"కల్యాణక్క."

ఆమె రాకపోయినా వచ్చినట్టే ఉంది దుకాణంలోకి. మెడ మీది ఇత్తడి గీతల అంచులు వేలికి గీరుకోకూడదట, అది కల్యాణక్క చెప్పింది. తీగలు పలకకు మరీ ఎత్తుగా ఉంటే చిన్న వేళ్లు నొప్పెడతాయట, అదీ కల్యాణక్కే. తీగ సరిగ్గా సగంలో నొక్కి మీటినా అదే స్వరం సన్నగా పలకాలట, ఇంకెవరు చెబుతారు, కల్యాణక్క! నా బిడ్డ ప్రతి వాయిద్యాన్ని చెంపకు ఆనించుకుని, కళ్లు మూసుకుని వింటుంటే చూడ ముచ్చటేసింది. ఆ ముచ్చట నేను నేర్పింది కాదని ఏడుపొచ్చింది. రెండూ ఒకేసారి.

మిగిలిన రెండిట్లో ఒకటి కల్యాణి దానంతే ఉంది. రెండోది మంచి చెక్క రంగులో, జానెడు కాదు గానీ నాలుగు వేళ్లు పెద్దగా ఉంది. "దీంట్ల గీతలు జర దూరంగుంటయి. పాప వేళ్లు పొడుగున్నయి, గిదే సులువు," అన్నాడు రామస్వామి.

"గిది మీ కల్యాణక్క దానికంటె పెద్దదే గదా?" అని ఉమను అడిగాను.

"ఆఁ, జర పెద్దదే."

"గిదే ఇయ్యిండ్రి," అన్నాను.

ధర అడిగితే రెండు వేల ఎనిమిది వందలన్నాడు. బేరం ఆడాలంటే వంక పట్టాలి. వాయిద్యాన్ని దగ్గరికి లాక్కుని చూడటం మొదలుపెట్టాను.

మా బీడీ కార్ఖానాలో రాజలింగు అని ఒకడున్నాడు. మేం చుట్టి తెచ్చిన బీడీలు చూసి, బాగాలేనివి ఏరి పారేయడం వాడి పని. దాన్నే ఛాట్ తీయడం అంటారు. కట్టలో బీడీల సన్న కొసలన్నీ ఒక దిక్కుకు ఉండాలి, లావు కొసలన్నీ ఒక దిక్కుకు ఉండాలి. ఒక్కటి తలకిందులైనా కట్ట మొత్తం ఛాట్‌లోకి విసిరేస్తాడు. పెళ్లికాక ముందు నుంచీ వాడి చేత తప్పులు పట్టించుకుంటున్న దాన్ని నేను. ఆ రోజు మొదటిసారి తప్పు పట్టే వంతు నాకొచ్చింది. దొరికింది కూడా!

"గిదేంది పెద్దమనిషీ? తీగలు తిర్లమర్ల కట్టిండ్రు."

"యాడమ్మా?"

"గీడ సూడు. పట్టుకున్నప్పుడు పైకి అచ్చేది సన్న తీగ. దాని కింద లావుది. మల్ల దాని కింద సన్నగ, ఇంక సన్నగ. లావు నుంచి సన్నానికి వరుసగ రావాలె గదా. మొదటిదే తప్పింది."

"అది గట్లనే ఉంటదమ్మ. దాని పద్ధతే గంత. కంపెనీ నుంచే గట్ల అస్తది."

"అమ్మెటోళ్లెవలన్న నా సరుకుల తప్పుందని అంటరా?"

ఆయన ఇంకా ఏదో చెప్పబోయాడు. ఇంతలో డోలకు కోసం ఇందల్వాయి నుంచి వచ్చిన భజన వాళ్లు నలుగురు దుకాణంలోకి దిగి ఒకటే గోల. నేను తప్పు తప్పేనని కూర్చున్నాను. చివరికి ఆయన చేతులు జోడించి, "మూడు వందలు తక్కువియ్యి తల్లీ. సంచి ఉత్తగనే ఇస్త. నన్ను ఇడిసిపెట్టు," అన్నాడు.

"అమ్మా, అది..." అంది ఉమ.

"సూసినవా బిడ్డా! మీ కల్యాణక్క అస్తె గీ తప్పు దొరకవడుతుండెనా?" అని నవ్వాను. నిజంగా నవ్వాను, లోపల నుంచి వచ్చింది. ఎన్ని రోజులైందో అట్లా నవ్వి.

ఉమ నా మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత "ఊఁ" అని సంచి జిప్పు వేసింది.

ఇంటికొచ్చిన వెంటనే చాప వేసుకుని కూర్చున్నాను. నాలుగు తీగలు, కింద చెక్క పట్టీకి ముడేసి ఉన్నాయి, పైన చెవులకు చుట్టి ఉన్నాయి. ముడులంటే నాకేం లెక్క? బతుకంతా దారం ముడులే. గోరుతో విప్పాను. అన్నిటికన్నా కిందిది సన్నదే, దాన్ని ముట్టుకోలేదు. మిగతా మూడూ మార్చి లావుది పైకి, తర్వాతది దాని కిందికి, ఇట్లా వరుసలో పెట్టి బిగించాను. లావు తీగ పై గాడిలో సరిగా కూర్చోకుండా కొంచెం ఎత్తుగా నిలిచింది, నొక్కి కూర్చోబెట్టాను.

"ఉండనీయరాదే అమ్మా, గట్లనే వాయించుకుంట," అంది ఉమ ఒకసారి.

"తప్పని తెల్సినంక ఎట్ల ఊకుంట?"

ఉమ యుకులేలే ఒళ్లోకి తీసుకుంది. ఫోన్లో శ్రుతి చూపించేది ఏదో పెట్టుకుని చెవులు తిప్పింది. అన్ని తీగలూ కలిపి ఊరికే మీటితే దుకాణంలో మోగినట్టే మోగింది.

"మంచిగుందా ఇప్పుడు?"

"మంచిగుంది."

ఆ తర్వాత వచ్చిన రోజుల గురించి ఏం చెప్పను! సెలవులంతా ఉమ ఇంట్లోనే ఉంది. ఆదివారం వచ్చింది. సైకిల్ గోడకే ఉంది. "పోతలేవా?" అని అడిగాను, ఊరికే, తెలియనట్టు. "ఇయ్యాల బుద్ధయితలేదు," అంది. తర్వాతి ఆదివారం కూడా అంతే. కిరాణా కొట్టుకు పంపితే "పోయొస్త అమ్మా" అని పోయింది. నాకు లడ్డూ తిన్నట్టయింది. మధ్యాహ్నాలు మళ్లీ నా వీపుకు వీపు ఆనించి కూర్చుంది, ఒళ్లో పుస్తకం బదులు యుకులేలే. నేను మా అమ్మ పాట పాడుతుంటే తీగల మీద వెతుక్కునేది. ఒక్కో వేలు ఒక్కో చోట పెట్టి చూసి, కాదని తీసి, ఇంకో చోట పెట్టి. ఒక రోజు దొరికింది. నా పాట, మా అమ్మ పాట, ఆ నాలుగు తీగల మీద మొదటి నుంచి చివరిదాకా పలికింది. నేను చుట్టడం ఆపేసి విన్నాను.

కల్యాణి పేరు ఇంట్లో వినపడటమే మానేసింది. గెలిచాను అనుకున్నాను. మా ఆయనతో కూడా అన్నాను. "ఎవలి మీద?" అని అడిగి దుప్పటి ముసుగేసుకున్నాడు.

జనవరి ఇరవై ఆరు నాలుగైదు రోజుల్లో ఉందనగా కల్యాణి స్కూటీ వేసుకుని మా ఇంటికే వచ్చింది. నేను చాట పక్కన పెట్టి లేచాను. ఉమ తలుపు వెనక నిలబడింది.

"ఉమ రావట్లేదేంటండీ, ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను," అంది కల్యాణి. "జెండా పండగకి వీళ్ల బళ్లో నా దగ్గర నేర్చుకునే పిల్లలంతా కలిసి వాయిస్తున్నారు కదా, రోజూ సాయంత్రం మా వరండాలోనే సాధన. పాట మొదలుపెట్టేది ఉమే. తను లేకపోతే వాళ్లు ఆగిపోతున్నారు."

జెండా పండగ సంగతే నాకు తెలియదు. ఉమ వైపు చూశాను. అది కాలి వేళ్లు చూసుకుంటోంది.

"మేం కొన్నం సూడు," అన్నాను యుకులేలే తెచ్చి చేతికిస్తూ. అది ఆమెదానికంటే పెద్దదని ఆమెకు తెలియాలి కదా.

"అబ్బ, చాలా బాగుందండీ! మంచిది ఎంచుకున్నారు." ఒళ్లో పెట్టుకుని మీటింది. మొదట మీటినది హాయిగా మోగింది. వేళ్లు మార్చి రెండోసారి మీటింది. పంటి కింద రాయి పడ్డట్టు వినిపించింది. ఆగింది. మళ్లీ అవే వేళ్లు పెట్టి మీటింది. మళ్లీ రాయే. తల వంచి తీగలను ఒక్కొక్కటే చూసింది.

"తీగలు..." అంది.

"అది దుకాణపాయన తిర్లమర్ల కట్టిచ్చిండు. నేనే..." అని నేను గర్వంగా మొదలుపెట్టాను.

"నేనే కట్టుకున్న అక్కా!" అని ఉమ మధ్యలో దూరింది. తలుపు వెనక నుంచి ఒక్క అంగలో వచ్చేసింది. "తీగ తెగింది. మల్ల కడితె గట్లయింది. నాకు గట్లనే అలవాటైంది. ఏం గాదు."

తీగ తెగలేదు. అది కట్టలేదు. నా బిడ్డ నా ముందే, నా కళ్లలోకి చూడకుండా అబద్ధమాడుతోంది. కల్యాణి ఉమను చూసింది, నన్ను చూసింది. తర్వాత చాలా నెమ్మదిగా యుకులేలే చాప మీద పెట్టింది.

"సరేనమ్మా. నీకెలా హాయిగా ఉంటే అలా వాయించుకో," అంది. నాతో ఒక్క ముక్క అనలేదు. వెళ్లొస్తానని చెప్పి స్కూటీ తీసుకుని పోయింది. ఒక్క ముక్క అంటే బాగుండేది, తిట్టుకునేదాన్ని.

స్కూటీ చప్పుడు గల్లీ దాటేదాకా ఆగాను.

"నువ్వెప్పుడు కట్టినవే తీగలు?"

వచ్చి చాప మీద కూర్చుంది.

"నేను కట్టింది తప్పా?"

తల ఊపింది.

"ఎప్పటి సంది ఎరుక నీకు?"

"దుకాణంలనే ఎరుక. అక్కది గట్లనే ఉంటది. అందరియి గట్లనే ఉంటయి. పైన సన్న తీగే ఉండాలె. గా దుకాణం తాత నిజమే జెప్పిండు."

"మరి గప్పుడే ఎందుకు జెప్పలే?"

"నువ్వు నవ్వినవ్ గదా," అంది.

అది చాప అంచు పోగులు లాగుతూ, నెమ్మదిగా, ఒక్కొక్క మాటే చెప్పింది.

"కల్యాణక్క పేరు తీస్తె నీ ముఖం ఎట్లనో అయితది. బీడీ ఇర్గుతది. నాకు ఇనవడ్తది అమ్మా, బీడీ ఇర్గుడు. అందుకే ఆమె పేరు తియ్యుడు బంద్ జేసిన. ఆమె లెక్క మాట్లాడుడు గూడ బంద్ జేసిన."

"మరి ఆదివారాలు పోకపోతివి? నాకోసమేనా?" ఇంకా ఆశ చావలేదు నాకు. అడగకుండా ఉండలేకపోయాను.

"గీ తీగలతోని ఆడ అందరితోని కలవది. నేను వేళ్లు పెడ్తె తప్పు మోగుతది. అక్క జూస్తె మారుస్తది. మారిస్తె నువ్వు..." అని ఆగిపోయింది.

నేను గెలిచాననుకున్న రోజులన్నీ కళ్ల ముందు తిరిగాయి. వీపుకు ఆనిన ఆ వీపు, ఆ "పోయొస్త", గోడకున్న సైకిల్. నా బిడ్డ నా దగ్గర కూర్చున్నది ఇష్టపడి కాదు. నాకు భయపడి. జెండా పండగ కూడా నాకోసం మింగేసింది. పద్నాలుగేళ్ల పిల్ల, తల్లికి కోపం రాకుండా తల్లిని సముదాయిస్తూ బతుకుతోంది ఇన్ని రోజులుగా. నాకు సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది గానీ, ఏడిస్తే అది మళ్లీ నన్నే ఊరుకోబెడుతుందని ఆపుకున్నాను.

"ఇటియ్యి," అన్నాను.

యుకులేలే ఒళ్లో పెట్టుకుని గోరుతో ముడులు విప్పాను. నేను కట్టిన ముడులు గట్టివి, తొందరగా రాలేదు.

"చెప్పు. ఏది యాడ?"

"గా సన్నది పైన. దాని కింద లావుది. తర్వాత గిది."

అది చెప్పినట్టే కట్టాను. సన్న తీగ పైకి వచ్చింది. నా కంటికి ఇప్పటికీ తప్పుగానే కనపడుతుంది, ఏం చేయను. ఉమ చెవులు తిప్పి శ్రుతి చేసింది. కల్యాణి వేసినట్టే వేళ్లు వేసి మీటింది. రాయి తగల్లేదు. రెండోది, మూడోది, అన్నీ కలిశాయి. దాని మొహం విచ్చుకుంది. ఎన్నాళ్లుగా ఆ మొహం అట్లా లేదో నేను చూసుకోనే లేదు.

నేను చాట ఒళ్లోకి తీసుకున్నాను. ఏదో ఒకటి చేయాలి చేతులకు. ఆకు తీసి తంబాకు నింపాను.

ఉమ అలవాటుగా మా అమ్మ పాట మొదలుపెట్టింది. రెండో చోటే తప్పింది. మళ్లీ వేసింది, మళ్లీ తప్పింది. పాత వేళ్లు కొత్త తీగల మీద పడుతున్నాయి.

"నీ పాట పోయింది అమ్మా," అంది బెదురుగా. "నువ్వు కట్టిన తీగల మీద దొరికింది. గిప్పుడు మల్ల దేవులాడాలె."

"దేవులాడు."

"ఒక్కదానికి అస్తదో రాదో. కల్యాణక్క అయితే..."

ఆగిపోయింది. అది నా మొహం చూడలేదు. నా చేతిలో సగం చుట్టిన బీడీని చూసింది. విరుగుతుందా అని చూసింది.

వేళ్లు బిగుసుకున్నాయి. అబద్ధం ఎందుకు, బిగుసుకున్నాయి. మా అమ్మ పాట కూడా ఆమెకేనా? ఆమె వరండాలో, ఆమె నవ్వు పక్కన, ఆమె వేళ్ల కింద మా భీమవ్వ పాట! కడుపులో భగ్గుమంది. ఉమ చూస్తూనే ఉంది, రెప్ప వేయకుండా, చేతుల వైపే.

మెల్లగా చుట్టాను. కొస మడిచాను. దారం తిప్పి ముడేశాను.

"జెండా పండుగకు వాయించాలె గదా, రేపటి సంది పో," అన్నాను. "మీ అక్కను ఒక దినం ఇంటికి రమ్మను. నేను పాడుత. ఆమె దేవులాడి నీకు జెప్తది."

"నిజంగనా?"

"ఆఁ. గారు అనద్దని జెప్పు. అక్కా అనమను."

ఉమ నవ్వి, నా వెనక్కి జరిగి వీపుకు వీపు ఆనించింది. కడుపు మండుతూనే ఉంది. బీడీని తీసి కట్టలో పెట్టాను, అది విరగలేదు.